స్కూల్ గేటు దగ్గర జంక్ ఫుడ్ యాడ్స్ తీయించాలంటే ఎలా

ముందే ఒక విషయం చెప్పేస్తాను. సిగరెట్ యాడ్స్‌ని ఆపడానికి ఉన్నట్టు జంక్ ఫుడ్ యాడ్స్‌ని ఆపడానికి మన దేశంలో ఒకే ఒక్క గట్టి చట్టం లేదు. ఉన్నవన్నీ ముక్కలు. కొంత ఆహార భద్రత నిబంధనల్లో, కొంత వినియోగదారుల చట్టంలో, కొంత టీవీ రూల్స్‌లో ఉంది. ఇవి ఉన్నాయనే చాలామందికి తెలియదు. కోపం వచ్చినవాళ్లు "చిప్స్, కూల్‌డ్రింకులు పిల్లల ఆరోగ్యం పాడుచేస్తున్నాయి, దయచేసి చర్య తీసుకోండి" అని ఒక లేఖ రాసి పంపుతారు. అది చదివిన ఆఫీసరు కూడా నిజమే పాపం అనుకుని ఫైలు పక్కన పెడతాడు, ఎందుకంటే ఆ లేఖలో ఆయన పట్టుకుని నోటీసు ఇవ్వగలిగిన పాయింటు ఒక్కటీ ఉండదు.

పనిచేసే ఫిర్యాదులు రెండే రకాలు. ఈ యాడ్ ఉండకూడని చోట ఉంది అనేది ఒకటి, ఈ యాడ్‌లో ఫలానా మాట అబద్ధం అనేది రెండోది. మీరు చేయబోయే ప్రతి పనినీ ఈ రెండింట్లో ఒకదాని కిందకి తెచ్చుకోండి, సగం టెన్షన్ పోతుంది.

ఇంత తంటా ఎందుకు అనేవాళ్లకి ఒక లెక్క చెప్పి ముందుకెళ్తాను. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం దేశంలో మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతానికి తిండి సరిగ్గా లేకపోవడమే కారణం. అయిదేళ్ల లోపు పిల్లల్లో ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నవాళ్లు నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2.1 శాతం, అయిదో సర్వేకి 3.4 శాతం. ఆ వయసు పిల్లలు కొట్టుకెళ్లి వాళ్లంతట వాళ్లు ఏదీ కొనుక్కోరు కదా. టీవీలో చూసి అడుగుతారు, మనం కొనిపెడతాం.

ముందు గేటు నుంచి 50 మీటర్లు కొలవండి

మొదలుపెట్టాల్సింది ఇక్కడే, ఎందుకంటే రూల్ ఇక్కడే స్పష్టంగా ఉంది. బడి పిల్లల సురక్షిత ఆహారం, సమతులాహారం గురించి ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, 2020 సెప్టెంబరులో నిబంధనలు నోటిఫై చేసింది, 2021 జులై 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి. (ఇదీ ఊరికే రాలేదు, 2010లో ఒక స్వచ్ఛంద సంస్థ ఢిల్లీ హైకోర్టులో పిల్ వేస్తే, 2015లో తీర్పు వచ్చి, ఆ తర్వాత ఇంకో అయిదేళ్లు పట్టింది.) అందులో మనకి కావాల్సింది ఇంతే: కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న తిండిని స్కూల్ ఆవరణలో గానీ, గేటు నుంచి ఏ దిక్కుకైనా 50 మీటర్ల లోపు బడి పిల్లలకి గానీ అమ్మకూడదు, ఫ్రీగా పంచకూడదు, ప్రచారం చేయకూడదు. అమ్మకం ఒక్కటే కాదు, ప్రచారం కూడా అన్న ముక్క చాలా స్కూళ్ల ప్రిన్సిపాళ్లకే తెలియదు.

ఒక టేపు తీసుకెళ్లండి. లేదంటే ఫోన్‌లో మ్యాప్స్ తెరిచి గేటు మీద వేలు నొక్కి పట్టి దూరం కొలిచే ఆప్షన్ వాడండి. అదీ కుదరకపోతే పెద్దవాళ్ల నడకలో 65, 70 అంగలు వేస్తే అటూ ఇటుగా 50 మీటర్లు వస్తుంది, మొదటి అంచనాకి అది చాలు. స్కూలుకి రెండు గేట్లుంటే రెండు వైపులా కొలవండి. పిల్లలు రోజూ బయటికొచ్చేది వెనక గేటు నుంచే అయితే అసలు సరుకంతా అక్కడే ఉంటుంది.

ఇప్పుడు ఆ 50 మీటర్లలో నెమ్మదిగా నడుస్తూ చూడండి. రోజూ చూసే వీధే కాబట్టి కళ్లకి ఆనవు గానీ, యాడ్ అంటే హోర్డింగ్ ఒక్కటే కాదు. కిరాణా కొట్టు పేరు బోర్డు చూడండి, కొట్టు పేరు మూలన చిన్నగా, మిగతా బోర్డంతా కూల్‌డ్రింక్ కంపెనీ రంగు, బొమ్మ. షట్టర్ మీద పెయింటింగ్. కంపెనీ వాళ్లిచ్చిన అద్దం తలుపు ఫ్రిజ్, అది లోపల కాకుండా ఫుట్‌పాత్ మీదకి, సరిగ్గా పిల్లల కంటి ఎత్తులో ఉంటుంది. బస్టాపు షెల్టర్. గోడ మీద పెయింట్. అన్నిటికంటే నాకు విడ్డూరంగా అనిపించేది "ముందు స్కూలు ఉంది, నెమ్మదిగా వెళ్లండి" అనే బోర్డు కింద సగం చాక్లెట్ యాడో, బిస్కెట్ యాడో ఉండటం. రోడ్డు మీద పెట్టే బారికేడ్లకీ ఇదే సంగతి. స్పాన్సర్ చేశారు కాబట్టి పేరు వేసుకున్నారంటారు. వేసుకోవచ్చు, కానీ ఆ 50 మీటర్లలో కాదు.

ఫోటోలు తీసేటప్పుడు గేటూ, బోర్డూ రెండూ ఒకే ఫ్రేములో పడేలా ఒకటి, బోర్డు దగ్గరగా ఒకటి తీయండి. తేదీ, టైము, లొకేషన్ ఫోటో మీదే పడే కెమెరా యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి, వాటితో తీస్తే తర్వాత "ఇది ఎప్పటిదో" అనే మాట రాదు. పిల్లల ముఖాలు మాత్రం ఒక్కటీ పడకూడదు. బడి వదిలే టైములో కాకుండా ఆదివారం పొద్దున వెళ్లి తీసుకోండి, సులువు.

బజ్జీల బండిని ఇందులోకి లాగకండి

ఇది కాస్త ఆగి చెప్పాల్సిన సంగతి. ఆ నిబంధనల్లో నూనెలో వేయించిన వాటి ఉదాహరణల కింద సమోసా కూడా ఉంది, అంటే కాగితం మీద చూస్తే బజ్జీల బండి అతను కూడా 50 మీటర్లలో పిల్లలకి అమ్మకూడదు. నూనె మళ్లీ మళ్లీ కాచి వాడేదైతే అది మంచి తిండి అని నేననను. కానీ మీరు "స్కూల్ దగ్గర జంక్ ఫుడ్ ఉంది, తీయించండి" అని పొడిపొడిగా రాస్తే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు ఆ బండిని తోయించేస్తారు, ఫోటో తీసుకుంటారు, ఫిర్యాదు పరిష్కరించాం అని మూసేస్తారు. దాని వెనకే ఉన్న పదడుగుల కంపెనీ బోర్డు అలాగే ఉంటుంది, ఎందుకంటే దాన్ని ముట్టుకుంటే డిస్ట్రిబ్యూటరు ఫోన్ చేస్తాడు, బండివాడి తరఫున ఎవరూ ఫోన్ చేయరు. అందుకని ఫిర్యాదులో ఏ బోర్డు, ఏ కంపెనీ సరుకు, ఏ గోడ అని పేరు పెట్టి రాయండి. మీరు అడిగేది ప్రకటన తీయమని, బండి తీయమని కాదు, ఈ వాక్యం ఉన్నదున్నట్టు రాసినా తప్పు లేదు.

అలాగే కొట్టు ఆయనతో ముందే ఒకసారి మాట్లాడండి. ఆయన మీకు శత్రువు కాదు. ఆ బోర్డు ఆయన డబ్బు పెట్టి వేయించుకోలేదు, సేల్స్ కుర్రాడు వచ్చి ఫ్రీగా కొత్త బోర్డు వేయిస్తాం అంటే సరే అన్నాడు, అంతే. "అన్నా, రూల్ ఇలా ఉంది, రేపు ఎవరైనా కంప్లైంట్ పెడితే నోటీసు నీ లైసెన్సు మీదకి వస్తుంది, పేరు బోర్డు మామూలుది పెట్టుకుందాం, పెయింటింగ్ ఖర్చు పేరెంట్స్ తలా కొంచెం వేసుకుంటాం" అని అడిగి చూడండి. చాలా చోట్ల పని ఇక్కడే అయిపోవచ్చు, ఆఫీసులదాకా వెళ్లక్కర్లేదు. ఫ్రిజ్ విషయంలో మాత్రం ఒప్పుకోకపోవచ్చు, అందులో కంపెనీతో ఒప్పందం ఉంటుంది. కనీసం పాలు, మజ్జిగ, నీళ్ల సీసాలు పై అరలో పెట్టి, ఫ్రిజ్ ముఖం లోపలికి తిప్పమనండి.

స్కూల్ లోపల ఏముందో చూడండి

బయట కంటే లోపల యాడ్స్ తెలివిగా ఉంటాయి. డ్రాయింగ్ పోటీ అంటారు, క్విజ్ అంటారు, "పోషకాహార అవగాహన" అనే పేరుతో ఒక వ్యాన్ వస్తుంది, పిల్లలందరికీ చిన్న ప్యాకెట్ ఇచ్చి, లోగో ఉన్న టైమ్‌టేబుల్ కార్డు, పుస్తకాల అట్టల మీద అంటించే లేబుళ్లు ఇచ్చి వెళ్తుంది. యాన్యువల్ డే స్టేజీ వెనక బ్యానరు. స్పోర్ట్స్ డే నాడు పిల్లల చేతిలో రంగునీళ్ల సీసా. యాజమాన్యానికి దీన్లో చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు, షామియానా ఖర్చు ఎవరో ఇస్తామంటే తీసుకున్నారు.

పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెద్ద వ్యాసం పోస్ట్ చేస్తే నలుగురు చప్పట్ల ఎమోజీ పెడతారు, ఒకాయన మా చిన్నప్పుడు మేం తినలేదా అంటాడు, తర్వాత గుడ్ మార్నింగ్ మెసేజ్ వచ్చి అంతా కిందకి పోతుంది. అలా కాకుండా మీతో వచ్చే ముగ్గురు, నలుగురు తల్లిదండ్రుల్ని విడిగా మాట్లాడి కూడగట్టుకుని, ప్రిన్సిపల్ దగ్గరకి ఒకే ఒక్క పేజీతో వెళ్లండి. అడగాల్సినవి మూడు. స్పాన్సర్ల నుంచి తిండి కంపెనీల్ని తీసేస్తారా, క్యాంటీన్ ఉంటే దానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషనో లైసెన్సో ఉందా, ఫ్రీ శాంపిల్స్ పంచడానికి ఎవర్నీ లోపలికి రానివ్వం అని సర్క్యులర్ ఇస్తారా.

సీబీఎస్ఈ స్కూలైతే మీ చేతిలో ఇంకో కాగితం ఉంటుంది. 2025 మేలో సీబీఎస్ఈ అన్ని స్కూళ్లలోనూ షుగర్ బోర్డు పెట్టమని ఆదేశించింది, అంటే ఏ కూల్‌డ్రింకులో, ఏ చాక్లెట్‌లో ఎంత చక్కెర ఉందో పిల్లలకి కనిపించేలా గోడ మీద రాయాలి. జులైలో నూనెల గురించి కూడా అలాంటిదే ఇచ్చింది. మీ స్కూల్లో ఆ బోర్డు ఉందా అని అడగండి. లేకపోతే పిల్లల చేతే చేయించమనండి. ఖాళీ సీసాలు, ప్యాకెట్లు తెచ్చి, వెనకున్న లెక్క చూసి, అంత చక్కెర తూచి చిన్న కవర్లో వేసి పక్కన అంటిస్తే చాలు. పిల్లలు వాళ్లంతట వాళ్లు తూచిన చక్కెరని మర్చిపోరు, మనం చెప్పిన నీతులు మర్చిపోతారు. ప్రభుత్వ బడి అయితే ఇదే సంగతి పాఠశాల కమిటీ సమావేశంలో పెట్టి తీర్మానం రాయించండి. రాతలో ఉన్న తీర్మానానికి మండల స్థాయిలో విలువ ఉంటుంది.

ఫిర్యాదు ఎలా రాయాలి, ఎవరికి ఇవ్వాలి

మాటలతో కాలేదనుకోండి, అప్పుడు రాయండి. పెద్ద భాష అక్కర్లేదు, ఇలా రాస్తే సరిపోతుంది:

"అయ్యా, ఫలానా ఊరిలోని ఫలానా పాఠశాల ప్రధాన గేటు నుంచి సుమారు 20 మీటర్ల దూరంలో, ఫలానా దుకాణం పైన ఫలానా కూల్‌డ్రింక్ ప్రకటన బోర్డు ఉంది. తేదీ, లొకేషన్‌తో ఉన్న ఫోటోలు జతపరిచాను. బడి పిల్లల ఆహారంపై ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నిబంధనల ప్రకారం చక్కెర ఎక్కువగా ఉన్న ఆహార పదార్థాలను గేటు నుంచి 50 మీటర్ల లోపు పిల్లలకు ప్రచారం చేయకూడదు. ఈ బోర్డు తొలగించవలసిందిగా సంబంధిత కంపెనీకి, డిస్ట్రిబ్యూటర్‌కు నోటీసు ఇవ్వాలని, తీసుకున్న చర్యను నాకు రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను."

చివరి వాక్యం వదిలేయకండి, తర్వాత పనికొచ్చేది అదే.

హైదరాబాద్‌లో అయితే మున్సిపల్ కార్పొరేషన్ ఫుడ్ సేఫ్టీ విభాగానికి, జిల్లాల్లో అయితే జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారులకి ఇవ్వాలి, ఆంధ్రలో ఆ పని చూసే ఆఫీసర్ని అసిస్టెంట్ ఫుడ్ కంట్రోలర్ అంటారు. జనం నోట్లో ఇంకా ఫుడ్ ఇన్‌స్పెక్టరే, ఆఫీసుకెళ్లి ఆ పేరుతో అడిగినా దారి చూపిస్తారు. ఫోన్‌లోనే చేయాలంటే ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ఉంది, ఫోటోలు అందులోనే ఎక్కించవచ్చు. నా అభిప్రాయం అడిగితే యాప్‌లో ఒకటి పెట్టి, అదే కాగితం సోమవారం కలెక్టరేట్‌లో కూడా ఇవ్వమంటాను. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో పీజీఆర్ఎస్ అంటున్నారు, పేరేదైనా సోమవారమే. అక్కడ ఇచ్చిన దానికి నంబరు పడుతుంది, కింది ఆఫీసు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. రసీదు తీసుకోకుండా మాత్రం క్యూ వదిలి రాకండి.

స్కూలుకి 50 మీటర్లు దాటిన హోర్డింగుల సంగతి వేరు. వాటిని ఆపే రూల్ ఇప్పుడు లేదు, అది ఒప్పుకుని మొదలుపెట్టాలి. కానీ హోర్డింగులకీ, బస్ షెల్టర్లకీ అనుమతి ఇచ్చేది మున్సిపాలిటీ, టెండరు షరతులు రాసేది కూడా అదే. ఫలానా సరుకు ప్రకటనలు బడుల చుట్టుపక్కల, ఆస్పత్రుల దగ్గర వేయకూడదని ఒక షరతు పెట్టమని వార్డు మెంబర్నో, కార్పొరేటర్నో, కమిషనర్నో అడగవచ్చు. ఆదాయం పోతుంది అంటారు, తప్పకుండా అంటారు. దానికి జవాబుగా లండన్ సంగతి చెప్పండి. అక్కడ 2019 ఫిబ్రవరి నుంచి మెట్రో రైళ్లు, బస్సులు, స్టేషన్లన్నిట్లో జంక్ ఫుడ్ యాడ్స్ ఆపేశారు. యాడ్స్ స్థలం ఖాళీగా ఉండిపోలేదు, అవే కంపెనీలు వాళ్ల దగ్గరున్న మంచి సరుకు యాడ్స్ వేశాయి. ఆ తర్వాత జరిగిన ఒక అధ్యయనం, యాడ్స్ ఆపకపోయి ఉంటే కొనేదానికంటే ఒక్కో కుటుంబం కొన్న జంక్ ఫుడ్ వారానికి దాదాపు 1000 కేలరీలు తక్కువ అని లెక్కగట్టింది. ఇంటికి వారానికి అంత అంటే చిన్నగా అనిపించవచ్చు, ఊరు మొత్తానికి వేసి చూడండి.

టీవీ, ఫోన్

ఇక్కడ 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు మీకు ఆయుధం. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, అంటే సీసీపీఏ ఇచ్చినవి. చిప్స్, గ్యాస్ కూల్‌డ్రింకులు, అలాంటి చిరుతిళ్ల యాడ్స్‌ని పిల్లల కోసం వేసే కార్యక్రమాల మధ్యలో గానీ, పూర్తిగా పిల్లల కోసమే నడిచే చానల్‌లో గానీ వేయకూడదని అందులో సూటిగా ఉంది. కాబట్టి మీ ఇంట్లో తెలుగు కార్టూన్ చానల్ నడుస్తూ మధ్యలో చిప్స్ యాడ్ వస్తే అది నేరుగా ఉల్లంఘన. ఫోన్‌తో టీవీ తెరని వీడియో తీయండి, చానల్ లోగో కనబడాలి. తేదీ, టైము, ముందూ వెనకా ఏ ప్రోగ్రాం వచ్చిందో రాసుకోండి.

ఐపీఎల్ మధ్యలో వచ్చే కూల్‌డ్రింక్ యాడ్స్ గురించి మాత్రం ఈ రూల్ కింద ఏమీ చేయలేరు. ఇంటిల్లిపాదీ, పిల్లలతో సహా, క్రికెట్టే చూస్తారు, రాత్రి పదకొండు దాకా చూస్తారు, అయినా అది "పిల్లల కోసం వేసే కార్యక్రమం" కాదు. పెద్ద చిల్లు ఇదే, కంపెనీలకీ ఇది బాగా తెలుసు. సినిమా హీరో కూల్‌డ్రింక్ తాగి గాల్లో ఎగిరితే కూడా దానంతట అది ఉల్లంఘన కాదు, అక్కడ టైము వృథా చేసుకోకండి. కానీ అదే హీరో ఇది తాగితే పిల్లలు పొడుగవుతారు, చదువులో ముందుంటారు అంటే అప్పుడు శాస్త్రీయ ఆధారం చూపించాలి. చూపించలేకపోతే కంపెనీతోపాటు ఆయనకీ మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు, ఏడాదిపాటు ఏ యాడ్‌లోనూ నటించకుండా ఆపవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఆ అధికారం ఉంది.

అవే మార్గదర్శకాల్లో ఎవరూ పట్టించుకోని రెండు సంగతులున్నాయి. ఒకటి, ప్యాకెట్‌లో బొమ్మ ఫ్రీ, టాటూ ఫ్రీ అని ఆశపెట్టి అవసరం లేకపోయినా పిల్లల చేత కొనిపించే యాడ్స్ కూడదు. రెండోది నాకు చాలా ఇష్టమైనది: యాడ్‌లో గొప్పగా చెప్పిన మాట ఏ భాషలో ఉంటే, కింద వేసే గమనిక కూడా అదే భాషలో ఉండాలి. "రెండింతల శక్తి" అని తెలుగులో గట్టిగా అరిచి, కింద చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో షరతులు వేస్తే అది తప్పే. తెలుగు చానళ్లలో ఇది వెతకండి, దొరక్కపోతే ఆశ్చర్యపోవాలి. స్క్రీన్ ఆపి ఫోటో తీసి పంపడమే.

పంపడం ఎక్కడికంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. తప్పుదోవ పట్టించే యాడ్స్ మీద సీసీపీఏకే కాకుండా జిల్లా కలెక్టరుకి కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చని చట్టం 17వ సెక్షన్ చెప్తోంది. అంటే ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. ఇక యాడ్స్ కంపెనీలన్నీ కలిసి 1985లో పెట్టుకున్న ఏఎస్‌సీఐ అనే సంస్థ ఉంది, దాని వాట్సాప్ నంబరు 77100 12345. అది ప్రభుత్వ సంస్థ కాదు, వాళ్లే వాళ్లని అదుపు చేసుకోవడం కోసం పెట్టుకున్నది కాబట్టి మరీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి, జరిమానా వేయలేదు. అయినా వదలొద్దు, ఎందుకంటే ఏఎస్‌సీఐ నియమావళిని మీరిన యాడ్స్‌ని కేబుల్‌లో వేయకూడదని కేబుల్ టీవీ రూల్స్‌లోనే రాసి ఉంది. ఉచితం, అయిదు నిమిషాల పని.

యూట్యూబ్ సంగతి టూకీగా. పిల్లల యాప్ యూట్యూబ్ కిడ్స్‌లో తిండి, పానీయాల యాడ్స్ వేయకూడదన్నది గూగుల్ సొంత నియమం, కనబడితే రిపోర్ట్ కొట్టండి. మామూలు యూట్యూబ్‌లో తెలుగు ఫ్యామిలీ వ్లాగ్స్ చేసేవాళ్లు పిల్లల చేత చిప్స్ ప్యాకెట్ పట్టిస్తారు చూడండి, డబ్బు తీసుకుని చేస్తే అది యాడ్ అని స్పష్టంగా చెప్పి తీరాలి. చెప్పలేదంటే పైన చెప్పిన దారులే.

ప్యాకెట్ మీద మాటలు

ప్యాకెట్ కూడా యాడే. అందరికంటే ఎక్కువసేపు మనింట్లో ఉండే యాడ్ అది. ముందు వైపు ఏం రాశారో చదివి, వెనక్కి తిప్పి అది నిజమో కాదో చూడటమే ఇక్కడ పని.

ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 ప్రకటనల నిబంధనల ప్రకారం డాక్టర్లు సిఫార్సు చేసింది అనే అర్థం వచ్చేలా ఏ తిండి గురించీ రాయకూడదు, తెల్లకోటు బొమ్మ వేసి అదే అర్థం తెచ్చినా ఫిర్యాదు చేయదగ్గదే. రసం చిక్కబరిచి మళ్లీ నీళ్లు కలిపిన జ్యూసుల మీద "100 శాతం పండ్ల రసం" అనే మాట తీసేయమని 2024 జూన్‌లో ఆదేశించారు. పాలల్లో కలిపే పొడుల్ని ఆన్‌లైన్‌లో "హెల్త్ డ్రింక్" వరుసలో పెట్టి అమ్మకూడదని అదే ఏడాది ఏప్రిల్‌లో చెప్పారు, ఎందుకంటే ఆహార భద్రత చట్టంలో హెల్త్ డ్రింక్ అనే రకమే లేదు. ఇప్పటికీ ఎక్కడైనా కనబడితే స్క్రీన్‌షాట్ తీసి పంపండి.

ఒక్క మాట పట్టుకుంటే ఎంత దూరం వెళ్లవచ్చో చూడాలంటే హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారి పోరాటం చూడండి. విరేచనాలయ్యే పిల్లలకి ఓఆర్ఎస్ ఇవ్వమంటే తల్లిదండ్రులు మందుల షాపులో పేరులో ఓఆర్ఎస్ అనే అక్షరాలున్న తియ్యటి డబ్బా కొని తాగిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది, ఆ డబ్బాల్లో చక్కెర దానికి చాలా రెట్లు, చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఆవిడ ఎనిమిదేళ్లపాటు లేఖలు రాశారు, వీడియోలు చేశారు, 2022లో తెలంగాణ హైకోర్టులో పిల్ వేశారు. మధ్యలో ఒకసారి ఆ పేరు వాడొద్దని ఆదేశం వచ్చింది, కొన్ని నెలలకే "ఇది డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా కాదు" అని ఒక గమనిక వేసుకుని వాడుకోవచ్చని సడలించారు. చివరికి 2025 అక్టోబరు 14న ఆ సడలింపులన్నీ రద్దయ్యాయి, అసలు ఫార్ములా కానిదేదీ పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకోకూడదన్నారు. ఆవిడ తియ్యటి నీళ్లు చెడ్డవి అని ఊరికే తిరిగి ఉంటే ఏమయ్యేదో తెలియదు గానీ, మూడక్షరాలు పట్టుకున్నారు, ఆ అక్షరాలు ఆ డబ్బా మీద ఉండటం అబద్ధం అన్నారు, అక్కణ్ణుంచి కదల్లేదు.

సోషల్ మీడియాలో పెట్టాలనుకునేవాళ్లకి చిన్న హెచ్చరిక. 2023లో రేవంత్ హిమత్‌సింగ్కా అనే కుర్రాడు బోర్న్‌విటాలో చక్కెర గురించి వీడియో చేస్తే కంపెనీ లీగల్ నోటీసు పంపింది, అతను వీడియో తీసేయాల్సి వచ్చింది. తర్వాత బాలల హక్కుల కమిషన్ కంపెనీని వివరణ అడిగింది, ఏడాది చివరికి కంపెనీయే కలిపే చక్కెరని 100 గ్రాములకి 37.4 నుంచి 32.2 గ్రాములకి తగ్గించింది. అంటే విషయం గెలిచింది, మనిషికి మాత్రం చెమటలు పట్టాయి. కాబట్టి పబ్లిక్‌గా రాసేటప్పుడు ప్యాకెట్ మీద ఉన్న అంకెలు, మీ ఫోటో, రూల్ పేరు, ఇవి మాత్రమే రాయండి. "విషం", "మోసగాళ్లు" లాంటి మాటలు రాసినందువల్ల ఒక్క బోర్డు కూడా ఎక్కువ ఊడదు, వకీలు నోటీసు మాత్రం రావచ్చు.

జవాబు రాకపోతే

నెల రోజులు చూడండి. ఏమీ కదలకపోయినా, లేక తనిఖీ చేయకుండానే "పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చినా, సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆంధ్ర, తెలంగాణల్లో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. ఎందుకు చేయలేదు అని అడగకండి, దానికి జవాబివ్వాల్సిన పని వాళ్లకి లేదు. కాగితం అడగండి: ఫలానా నంబరు ఫిర్యాదు మీద ఏ తేదీన ఎవరు తనిఖీ చేశారు, ఆ తనిఖీ నివేదిక నకలు, ఇచ్చిన నోటీసు నకలు. గత రెండేళ్లలో మీ జిల్లాలో 50 మీటర్ల నిబంధన కింద ఎన్ని తనిఖీలు జరిగాయి అని కూడా అదే దరఖాస్తులో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు. చాలాసార్లు దరఖాస్తు అందిన వారంలోనే ఎవరో ఒకరు స్కూల్ దగ్గరకి వచ్చి చూసి వెళ్తారు, ఎందుకంటే లేని నివేదిక నకలు ఇవ్వలేరు కదా.

బోర్డు తీశాక పని అయిపోయిందనుకోకండి. మార్చిలో ఎండలు మొదలవగానే కూల్‌డ్రింకుల వాళ్లు, జూన్‌లో బళ్లు తెరవగానే బిస్కెట్లు, చాక్లెట్ల వాళ్లు కొత్త బోర్డులతో తిరుగుతారు. ఆ రెండు నెలల్లో ఒక్కో ఆదివారం పొద్దున మళ్లీ ఆ 50 మీటర్లు నడిచి ఫోటోలు తీసుకోండి. కొత్తది కనబడితే కొత్త ఫిర్యాదులో పాత నంబరు వేసి, పాత ఫోటో పక్కన కొత్త ఫోటో పెట్టి, "తొలగించిన చోటే మళ్లీ పెట్టారు" అని మొదటి లైనులోనే రాయండి.